ఉదరమునందలి గుప్తశత్రువు



కడుపుబ్బరమునకు వైద్యము చెప్పజాలని గృహిణి మనలో నుండదు. వాము నమిలిన చాలునని యొకరు, ఇంగువ వేసిన మజ్జిగ త్రాగుమని యొకరు, ఒకపూట లంఘనము చేయుమని వేరొకరు చెప్పుదురు. సామాన్యమైన యుబ్బరము వీనితో తగ్గిపోవును గూడ. కాని, వారములు గడచినను తగ్గక పెరుగుచుండు నుబ్బరము వేఱు. దానిని గూర్చియే యీ నెల వ్రాయుచున్నాను.

గర్భాశయమున కిరుప్రక్కల బాదంకాయంత పరిమాణముగల అండాశయములు రెండు కలవు. రొమ్మునందలి గడ్డ చేతికి తగులును. అండాశయము పొత్తికడుపులో లోతున నుండుటచే, అందలి కంతి మొదట చేతికి దొరకదు. గర్భాశయ ముఖమునకు చేయు పాప్ పరీక్షయు దీనిని కనిపెట్టజాలదు. ఈ కారణముచే అండాశయ క్యాన్సరు మూడింట రెండు పాళ్లకు మించి కడుపునందు వ్యాపించిన పిదపనే బయటపడుచున్నది. అండాశయము దాటకముందే తెలిసినచో పదుగురిలో తొమ్మండుగురు ఐదేండ్లకు మించి జీవింతురు. దూరముగా వ్యాపించిన పిదప నట్లు జీవించువారు మువ్వురే.

దీని గుర్తులు నాలుగు: తగ్గని ఉబ్బరము, నాలుగు ముద్దలు తినునంతలోనే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపున నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట. వీనిలో నేదైనను క్రొత్తగా వచ్చి, నెలకు 12 దినములకు మించి కనబడుచున్నచో వైద్యురాలికి చెప్పవలయును. ఏబదేండ్లు దాటినవారు మఱింత శ్రద్ధ వహింపవలయును. ముట్లుడిగిన పిదప రక్తము కనబడినచో ఒక్కదినమైనను ఆగరాదు.

వైద్యురాలు మొదట చేతితో పరీక్షించి, పిదప అల్ట్రాసౌండు స్కానింగు వ్రాయును. స్కానింగనగా గర్భిణులకే యని తలంచువారు మనలో పెక్కుమంది కలరు. అది సరికాదు. ఇందు ఎక్సురే కిరణములు లేవు. కొండల నడుమ కేక వేసినచో ప్రతిధ్వని వచ్చునట్లు, చెవికి వినరాని శబ్దతరంగములు లోపలి యవయవములకు తగిలి మరలివచ్చి తెరపై రూపము చూపును. 1958లో గ్లాస్గో నగర వైద్యుడు ఇయాన్ డొనాల్డు లాన్సెట్ పత్రికలో నీ పద్ధతిని ప్రకటించెను. అందొక స్త్రీ కథ కలదు. ఆమెకు నయము కాని జీర్ణకోశ క్యాన్సరని వైద్యులు నిరాశ చేసికొనియుండిరి. ఈ యంత్రముతో చూడగా కడుపునిండ నున్నది అండాశయమున పుట్టిన నీటితిత్తి యని తేలెను. దానిని కోసి తీసివేయగా నామె స్వస్థురాలయ్యెను.

పలుచని గోడతో, నీరు మాత్రమే గల తిత్తి సాధారణముగా భయకారణము కాదు; ముట్టగు వయసున నది రెండు మూడు నెలలలో తానే కరగిపోవుట కద్దు. లోపల గట్టిభాగములు, అడ్డుగోడలు, కడుపులో నీరు కనబడినచో అనుమానింపవలయును. కడుపుపై నుండి చేయు స్కానింగుకంటె యోనిమార్గమున చేయునది స్పష్టతరము. అవివాహితలకు కడుపుపైనుండియే చేయుదురు.

రెండవది సి.ఏ. 125 అను రక్తపరీక్ష. 35 లోపు సామాన్యము. కాని యీ అంకె నొక్కదానినే నమ్మరాదు. ముట్టు సమయమునను, గర్భము ధరించినపుడును, గర్భాశయమున గడ్డలున్నను, ఉదరక్షయ యున్నను నది పెరుగును. తొలిదశ క్యాన్సరున్న వారిలో సుమారు సగముమందికి పెరుగనే పెరుగదు. అందుచే 1990లో బ్రిటిషు వైద్యులొక గుణకారమును కనిపెట్టిరి. స్కానింగులో అనుమానపు గుర్తు లేనిచో 0, ఒకటైన 1, రెండు లేక అంతకు మించిన 3. ముట్టగు స్త్రీకి 1, ముట్లుడిగిన స్త్రీకి 3. వీనిని రక్తపరీక్ష యంకెతో గుణింతురు. ఫలము 200 దాటినచో క్యాన్సరు నిపుణులకు చూపవలయును. ముప్పదేండ్ల స్త్రీకి రక్తపు అంకె 100 ఉండి, స్కానింగులో నొక్క గుర్తే యున్నచో ఫలము 100. అరువదేండ్ల స్త్రీకి అంకె 40 మాత్రమే యైనను, రెండు గుర్తులున్నచో 360. పెద్ద అంకెకు బెదరుటయు, చిన్న అంకెకు నిశ్చింత పడుటయు రెండును పొరపాటే యని దీనివలన తెలియును.

వ్యాధి యెంతదూరము వ్యాపించెనో సి.టి. స్కాను చూపును, కంతి స్వభావమున సందేహము మిగిలినచో ఎం.ఆర్.ఐ. తీర్చును. తుదితీర్పు మాత్రము సూక్ష్మదర్శినిదే. అండాశయమునకే పరిమితమైన యనుమానపు కంతిని సూదితో గ్రుచ్చరు. పగిలి లోపల చిందకుండ మొత్తముగా తీసి పరీక్షింతురు.

అట్లయిన ఏ బాధయు లేనివారందఱు నేటేట నీ పరీక్షలు చేయించుకొనవలయునా? అక్కరలేదు. బ్రిటనులో 2001 మొదలు 2,02,638 మంది స్త్రీలను చేర్చుకొని పరిశోధించిరి. 2021లో వెలువడిన ఫలితము ప్రకారము, ఏటేట పరీక్షించినందువలన మరణములు తగ్గలేదు. వ్యాధిలేని కొందఱు వృథాగా శస్త్రచికిత్సకు లోనైరి. కాని తల్లికో, అక్కచెల్లెండ్రకో, తండ్రివైపు మేనత్తకో అండాశయ క్యాన్సరో రొమ్ము క్యాన్సరో వచ్చియున్నచో, సంగతి వైద్యురాలికి తప్పక చెప్పవలయును. 1994, 1995లలో గుర్తించిన బి.ఆర్.సి.ఏ. జన్యువుల దోషము తల్లివలననే కాక తండ్రివలనను సంక్రమించును. దానికి రక్తపరీక్ష కలదు.

మన పాకాల నుండి రైలెక్కినచో నొకవైపు తిరుపతి, వేఱొకవైపు వేలూరికి త్రోవయగు కాట్పాడి. తిరుపతిలో స్విమ్స్ వైద్యశాలయు, 2022లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సరు వైద్యసంస్థయు కలవు. వేలూరి వైద్యకళాశాలను 1918లో స్త్రీలకొఱకే స్థాపించిన ఐడా స్కడరు వైద్యురాలగుటకు కారణము మనము మరువరానిది. తిండివనమున నొక్కరాత్రియే మువ్వురు స్త్రీలు ప్రసవవేదన పడుచుండగా, పురుషవైద్యుని రానీయక వారి భర్తలు తిరుగగొట్టిరి. మువ్వురును మరణించిరి. నేడా కొఱత లేదు. తిరుపతిలో సైతము 2014 నుండి స్త్రీల వైద్యకళాశాల నడచుచున్నది. కాని సిగ్గు మాత్రము మనలో మిగిలియున్నది.

అత్తగారు చెప్పనిది కోడలడుగదు. కోడలడుగనిది అత్తగారు చెప్పదు. గోడనున్న పంచాంగపు కాగితముపై, ఉబ్బరము కనబడిన దినమునకొక చుక్క పెట్టుడు. నెల తిరుగునప్పటికి పండ్రెండు చుక్కలు మించినచో నా కాగితమునే చేతబట్టుకొని వైద్యురాలియొద్దకు పోవుడు. యంత్రములన్నియు నా మాట తరువాతనే పనిచేయును.