మిత్రరాజ్యముల శాంతి – మేళ్లచెరువు రైతు

సంధిపత్రము వ్రాయువారొకరును, దాని క్రింద బ్రదుకువారు వేఱొకరును అయినప్పుడు శాంతి నిలువదు. రెండవ ప్రపంచ సంగ్రామమునాటి మిత్రరాజ్యముల మంత్రాంగము ఈ సత్యమునే చాటుచున్నది.

1941 ఆగస్టులో రూజువెల్టు, చర్చిలుగార్లు అట్లాంటికు సముద్రముమీద కలిసికొని, ఎల్ల ప్రజలకును తమ ప్రభుత్వ స్వరూపమును తామే నిర్ణయించుకొను హక్కు కలదని ప్రకటించిరి. నెల తిరుగకముందే, సెప్టెంబరు 9వ తేదీన, ఆ నిబంధన ముఖ్యముగ నాజీల పాలబడిన ఐరోపా దేశములకు ఉద్దేశింపబడినదని చర్చిలుగారు కామన్సు సభలో సెలవిచ్చిరి. దేవుడు వరమిచ్చినను పూజారి ఈయడందురు. ఇచట వరమిచ్చిన దేవుడే దానిని వెనుకకు దీసికొనెను.

బ్రిటిషిండియాకే ఈ గతి పట్టగా సంస్థాన ప్రజల నడుగువారెవరు? నల్లగొండ మండలమందలి మేళ్లచెరువు ఆనాడు నిజాము ఏలుబడిలోని గ్రామము. కృష్ణ దాటిన ఆంగ్లేయుల గుంటూరు మండలము. నిజాము ప్రభువునకు ‘విశ్వాసపాత్ర మిత్రుడ’ను బిరుదమును ఆంగ్లేయులు 1918లోనే ఒసగియుండిరి. ప్రభువు మిత్రుడు, ప్రజలో, వెట్టికిని లెవీ ధాన్యమునకును మాత్రమే లెక్కకు వచ్చినవారు. 1944లో డంబర్టను ఓక్సునందు అగ్రరాజ్యములు భావి శాంతిసంస్థకు చిత్తు వ్రాసికొనిన యేటనే, భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ కూడెను. దాని మొఱ ఆ పెద్దల చెవి సోకలేదు.

1945 ఫిబ్రవరిలో యాల్టాయందు స్టాలినుతో గూడి మువ్వురు పెద్దలు పోలండు తూర్పు సరిహద్దును నిర్ణయించిరి. పోలండు ప్రజల నడుగలేదు. భద్రతామండలిలో అగ్రరాజ్యముల నిషేధాధికారమును గూడ అచటనే ఒప్పుకొనిరి. జూను 26న శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి శాసనముపై భారతదేశము పేర సంతకము చేసిన సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారుగారు ప్రభుత్వము పంపినవారే కాని ప్రజలెన్నుకొన్నవారు కారు. విజయలక్ష్మీ పండితుగారు సభవెలుపలనుండియే మన స్వాతంత్ర్యవాదమును వినిపింపవలసి వచ్చెను.

1948 ఆగస్టులో నిజాము ప్రభుత్వమే ఆ మండలి తలుపు తట్టెను. సెప్టెంబరు 16న పారిసులో విచారణ జరుగగా, భారతదేశ పక్షమున వాదించినది మొదలియారుగారే. కాని ఈ మాఱు స్వతంత్ర భారత ప్రతినిధిగా. మఱునాడే నిజాము యుద్ధవిరమణము ప్రకటించెను. ఆ విచారణలోను నల్లగొండ రైతును సాక్ష్యమునకు పిలిచినవారు లేరు.

అతనిని అడిగినది 1952 నాటి ఎన్నికల పెట్టె. నల్లగొండ ప్రజలు, నెహ్రూగారికి వచ్చినవానికంటె హెచ్చు వోట్లతో, ఆ రావి నారాయణరెడ్డిగారినే లోకసభకు పంపిరి. ఈ ప్రత్యుత్తరము పాలకులకు రుచించినను రుచింపకున్నను, ప్రజలిచ్చినది గనుక నిలిచినది. నేటికిని ఐదు రాజ్యముల చేతులలో నిషేధాధికారము ఉన్నది. ఎచట యుద్ధము ముగిసినను, సంధి వ్రాయ గూర్చుండు పెద్దలకు మా మనవి ఒక్కటే: ఎవరి నేలను గూర్చి వ్రాయుచున్నారో వారిని ముందుగా అడుగుడు.