మూలికలకు పరీక్ష

దేశీయ వైద్యమును గూర్చి వాదము చెలరేగినప్పుడెల్ల మనవారు రెండు పక్షములుగా చీలుచున్నారు. పూర్వులు వాడినది గనుక పరీక్ష యేల యని యొక పక్షము. పూర్వులు వాడినది గనుకనే పరీక్షకైనను తగదని వేఱొక పక్షము. ఈ రెండును తప్పని చూపుటకు సర్పగంధి చరిత్ర మొక్కటి చాలును.

పాతాళగంధి యనియు పిలువబడు నీ మొక్క వేరు ఉన్మాదమునకును, నిద్రలేమికిని, పాముకాటునకును తరతరములుగా వాడుకలో నుండెను. 1931లో గణనాథ సేన్, కార్తీకచంద్ర బోసు అను వంగ వైద్యు లిది రక్తపుపోటును తగ్గించునని ప్రకటించిరి. ఆ కాలముననే ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ దీని సారములను వేఱుచేసి, యొకదానికి హకీం అజ్మల్ ఖాను పేర అజ్మలిన్ అని నామకరణము చేసెను. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఏబదిమంది రోగులపై జరిపిన పరిశీలనను బ్రిటిష్ హార్ట్ జర్నలులో ప్రకటింపగా లోకము దృష్టి దీనిపై బడినది. 1952లో స్విట్జర్లండులోని సీబా సంస్థవారు రెసర్పిన్ అను సారమును వేఱుచేసిరి.

అయినను పోటు తగ్గినంతమాత్రమున ప్రాణము నిలుచునా యను ప్రశ్న మిగిలియుండెను. 1967లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రులవారు దానికి సమాధానము చెప్పిరి. తీవ్రమైన పోటుగల 143 మందిలో 73 మందికి రెసర్పిన్ చేరిన మూడు మందుల కూర్పును, 70 మందికి మందులేని మాత్రలను ఇచ్చి చూచిరి. మందులేనివారిలో 27 మందికి తీవ్రోపద్రవములు సంభవింపగా, మందు తీసికొన్నవారిలో ఇరువురకే సంభవించినవి. ఈ ఘనత మూడు మందులకును చెందునేగాని మూలిక కొక్కదానికే కాదు. పోటును అదుపులో నుంచుట ప్రాణరక్షకమని మాత్రము రూఢియైనది.

పరీక్ష గుణమునే కాదు, దోషమును గూడ బయల్పఱచెను. మోతాదు మించినచో మనస్సు క్రుంగుటయు, ముక్కు దిబ్బడయు కలుగునని తెలిసినది. ఒక్కొక్క వేరులో సార మొక్కొక్క తీరున నుండును గనుక చిటికెడు చూర్ణమను కొలత నమ్మదగినది కాదనియు తేలినది. పాముకాటునకు విరుగుడన్న మాట రుజువు కాలేదు. ఒకే మొక్కను గూర్చి పెద్దలు చెప్పినవానిలో నొకటి నిలిచినది, ఒకటి నిలువలేదు. ఏది నిలుచునో పరీక్షింపక చెప్పగలవా రెవరు?

నేడు రక్తపుపోటునకని పేరులేని చూర్ణములు విరివిగా అమ్ముడుపోవుచున్నవి. పోటు నొప్పి తెలియనీయక లోలోన గుండెను, మూత్రపిండములను, మెదడును చెఱచు వ్యాధి. స్వగ్రామమునుండి వచ్చిన పొట్లమును నమ్మి వైద్యుడిచ్చిన మాత్రలను మానినవారికి ఆ పొరపాటు పక్షవాతము వచ్చినపిదపగాని తెలియదు. రాజధానిలోని మన విద్యావంతులైనను తాము వాడు ప్రతి మూలికను వైద్యునితో చెప్పవలెను; ఆయన చెప్పక మందు మానరాదు.

ప్రభుత్వమును మే మొక్కటే కోరుచున్నాము. మూలికను పొగడుటకు ముందు పరీక్షింపుడు. ఫలితము అనుకూలమైనను, ప్రతికూలమైనను దాచక ప్రకటింపుడు. ప్రతి పొట్లముపైని సారమెంతయో ముద్రింపించుడు. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడన్న చందమున ప్రాచీనకీర్తిని చెప్పుకొన్నంతమాత్రమున రోగి కోలుకొనడు. సర్పగంధికి లోకమున గౌరవము దెచ్చినది పరీక్షయే. తక్కిన మూలికలకును ఆ గౌరవము దక్కనిండు.