వంగే కొమ్మ విరగదు

నాగసాకిలో అకియామా అనే వైద్యుడు ఉండేవాడట. మంచు బరువుకి పెద్ద కొమ్మలు ఫెళ్లున విరుగుతుంటే విల్లో చెట్టు రెమ్మలు మాత్రం వంగి, మంచును జార్చేసి మళ్లీ లేవడం చూశాడట. జపాన్‌లో యోషిన్ ర్యూ అనే కుస్తీ విద్య అలా పుట్టిందని చెప్పుకుంటారు.

1860లో పుట్టిన జిగోరో కానో బక్కపలచని కుర్రాడు. బడిలో బలమైన పిల్లలు ఏడిపిస్తుంటే పట్టుబట్టి ఆ కోవకు చెందిన జుజుట్సు నేర్చుకున్నాడు. మీదికొచ్చేవాణ్ని ఎదురు తోస్తే బలమున్నవాడిదే గెలుపు. వచ్చినవైపే లాగితే తూకం తప్పి వాడే పడతాడు! ఈ కిటుకుతోనే 1882లో జూడో మొదలుపెట్టాడు. ‘జు’ అంటే మెత్తదనం, ‘డో’ అంటే దారి. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లోనూ దానికి చోటు దక్కింది.

అన్నట్టు, జూడోలో ముందుగా నేర్పేది ఎదుటివాణ్ని పడేయడం కాదు... దెబ్బ తగలకుండా పడటం, పడి లేవడం!