గద్దర్ అవార్డుల్లో ఒక విభాగం అడుగుతున్నాను

మేం కండ్లకోయలో ఉంటాం. సినిమా అంటే మా ఇంట్లో కొంపల్లి వెళ్లడమే. మా చిన్నోడి ప్రేమ మగవాళ్ల మీదేనని తెలిశాక, హాల్లో జనం దేనికి నవ్వుతున్నారో నేను గమనించడం మొదలుపెట్టాను. నడుము తిప్పుతూ నడిచే కుర్రాడు తెర మీదికొస్తే చాలు, ఈలలు. పక్క సీట్లో మావాడు ఫోన్లోకి తల దించేసేవాడు.

మన దగ్గర మంచి ప్రయత్నం లేదని కాదు. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన ‘అ!’లో ఒకమ్మాయి తన ప్రియురాలిని అమ్మానాన్నలకు పరిచయం చేస్తుంది. ఆ సినిమాకు జాతీయ అవార్డులు రెండొచ్చాయి, మేకప్‌కూ స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ. ఆ ప్రేమను చూపించిన ధైర్యానికి విభాగమే లేదు మరి.

కేరళ 2022లో ప్రకటించిన రాష్ట్ర అవార్డుల్లో మహిళలు, ట్రాన్స్‌జెండర్ల విభాగం కింద ‘అంతరం’ నటి నేఘాను గౌరవించింది. 2023కి అక్కడ ఉత్తమ చిత్రం ‘కాదల్’. అందులో స్వలింగ ప్రేమికుడిగా నటించింది మమ్ముట్టి! అమెరికాలో గ్లాడ్ సంస్థ 1990 నుంచీ స్వలింగ ప్రేమికులను, ట్రాన్స్‌జెండర్లను గౌరవంగా చూపే చిత్రణకు అవార్డులిస్తోంది.

మన దగ్గరా ఇలాంటి సినిమాలకు ఒక విభాగం ఉండాలంటాను నేను. విడిగా పెడితే వెలివేసినట్టు కాదా అంటారు మావారు. బాలల చిత్రానికి విడిగా ఇచ్చినప్పుడు రాని అనుమానం ఇక్కడెందుకు? అవార్డు ఉందంటే నిర్మాత కనీసం కథ వింటాడు.

తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌లో మొదటిసారి గద్దర్ అవార్డులిచ్చింది. అణగారినవాళ్ల కోసం పాడిన మనిషి పేరది. వచ్చే జాబితాలో ఈ విభాగం చేర్చండి. జ్యూరీలో ఒక ట్రాన్స్‌జెండర్ కళాకారుణ్నో కళాకారిణినో కూర్చోబెట్టండి.