చెరిపినది ఎక్కడికి పోతుంది?



గత మాసం ఒక సోదరి నుండి ఉత్తరం వచ్చింది. తమ్ముని నికాహ్ నాడు కెమెరాతో తీసిన చిత్రాలన్నింటినీ ఆమె చిన్న కుమారుడు ఆడుకుంటూ మెమరీ కార్డు నుండి చెరిపివేశాడట. ఆ నికాహ్ జరిగిన కొద్ది వారాలకే ఆమె తండ్రిగారు ఈ లోకం విడిచారు. వారి చివరి చిత్రాలు కూడా అందులోనే ఉన్నాయి. “పిల్లవాణ్ణి కొట్టాను. తరువాత నేనే కూర్చుని ఏడ్చాను. ఇక అవి దొరకవా?” అని వ్రాశారు. ఉత్తరంలో ఫోను నంబరు ఉన్నందున ఆ దినమే మాట్లాడి ఒక్క సంగతి చెప్పాను: “అమ్మా, ఆ కార్డును కెమెరా నుండి తీసి కాగితంలో చుట్టి బీరువాలో పెట్టండి. దానితో ఇక ఒక్క చిత్రం కూడా తీయకండి.” అప్పటికే మూడు నాలుగు చిత్రాలు తీశామని ఆమె భయపడుతూ చెప్పారు. సరే, ఇకపై తీయకండి అన్నాను.

అలా ఎందుకు చెప్పానో వివరించాలంటే నలభై ఏళ్ళ వెనుకకు, తొలి పర్సనల్ కంప్యూటర్ల కాలానికి పోవాలి. మన కెమెరాలలోని చిన్న కార్డులలో అనేకం నేటికీ ఆ పాత కంప్యూటర్ల పద్ధతిలోనే తమ లెక్కలు వ్రాసుకుంటాయి.

ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను 1981 ఆగస్టులో విడుదల చేసింది. దానిని నడిపించే వ్యవస్థను మైక్రోసాఫ్ట్ సంస్థ సమకూర్చింది. దానిని డాస్ అనేవారు. నల్లని తెర, దానిపై మినుకు మినుకుమనే చిన్న గీత, అంతే. ఏ పని కావాలన్నా ఆజ్ఞను అక్షరం అక్షరంగా టైపు చేయాలి. మొదటి డాస్‌లో ఒక ఫ్లాపీపై పట్టేది 160 కిలోబైట్లు. నేడు మన ఫోనుతో తీసే ఒక్క చిత్రానికి కూడా ఆ చోటు చాలదు. చెరపడానికి డెల్ అనో, ఎరేజ్ అనో టైపు చేసి ఫైలు పేరు చెబితే రెప్పపాటులో అది మాయమయ్యేది. చెరిపినదానిని తిరిగి తెచ్చే ఆజ్ఞ మాత్రం ఆ వ్యవస్థలో లేనే లేదు. నేటి కంప్యూటర్లలో మనం చూసే చెత్తబుట్ట మైక్రోసాఫ్ట్ వారి యంత్రాలకు 1995లో గానీ రాలేదు.

రెప్పపాటులో మాయమయ్యేది అన్నాను గదా, అసలు రహస్యం అక్కడే ఉన్నది. అదే ఫైలును వ్రాయడానికి ఫ్లాపీ గుర్రుగుర్రుమంటూ ఎంతోసేపు తిరిగేది. వ్రాయడానికి అంత కాలం పట్టినది క్షణంలో ఎలా చెరుగుతుంది? చెరగదు గనుకనే.

మా మదరసా కుతుబ్‌ఖానానే ఉదాహరణగా తీసుకుంటాను. తలుపు ప్రక్కన ఒక రిజిస్టరు ఉంటుంది. అందులో ప్రతి గ్రంథం పేరు, దాని మొదటి సంపుటం ఏ అరలో ఉన్నదో ఆ సంఖ్య వ్రాసి ఉంటాయి. పెద్ద గ్రంథమైతే సంపుటాలన్నీ ఒకే చోట పట్టవు. అందుచేత మరొక పట్టికలో “మూడవ అర తరువాత తొమ్మిదవ అర చూడుము, దాని తరువాత పదవది” అని వరుస వ్రాసి ఉంటుంది. డాస్ కూడా సరిగ్గా ఇలాగే చేసేది. ఒక్కొక్క ఫైలుకు రిజిస్టరులో 32 బైట్ల గడి ఒకటి. అందులో మొదటి 8 బైట్లు పేరుకు, తరువాతి 3 ఫైలు రకానికి, ఆ పిమ్మట తేదీ, సమయం, మొదటి అర సంఖ్య, ఫైలు పరిమాణం. ఈ అరలనే క్లస్టర్లు అంటారు. వాటి వరుసను తెలిపే పట్టికకు ఫ్యాట్ అని పేరు.

ఇక చెరుపుమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు జరిగేది ఇది. రిజిస్టరులో ఆ ఫైలు పేరులోని మొదటి అక్షరాన్ని మాత్రం తుడిచి దాని స్థానంలో 229 అనే సంఖ్యను ఉంచుతుంది. రెండవ పట్టికలో ఆ అరలకు ఎదురుగా సున్న వేస్తుంది, అనగా ఖాళీ అని అర్థం. అరలలోని గ్రంథాన్ని ముట్టనైనా ముట్టదు. అది ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంటుంది. ఎవరైనా కొత్త గ్రంథం తెచ్చి ఆ అరలో పెట్టేవరకు దానికి వచ్చిన ప్రమాదం ఏమీ లేదు. నెమ్మదిగా నడిచే ఆనాటి యంత్రాలలో శ్రమ తగ్గించడానికి చేసిన ఏర్పాటు ఇది. అయితే డాస్ వాడుకదారులలో అధికులకు ఈ సంగతి తెలియదు.

తెలిసిన వారిలో ఒకరు పీటర్ నార్టన్ అనే అమెరికా దేశస్థుడు. పెద్ద కంప్యూటర్లపై ప్రోగ్రాములు వ్రాసే వృత్తి ఆయనది. నడుమ కొన్ని సంవత్సరాలు ఒక బౌద్ధ మఠంలో గడిపాడు. తరువాత విమాన పరిశ్రమలో ఉద్యోగాలు తగ్గించినప్పుడు ఆయన పని కూడా పోయింది. అటుపిమ్మట చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు వ్రాయసాగాడు. ఒకనాడు పొరపాటున తన ఫైలునే చెరిపివేసుకున్నాడు. దానిని మళ్ళీ మొదటి నుండి టైపు చేయడానికి బదులు, ఆ అరలను వెదికి తిరిగి తెచ్చే ప్రోగ్రామునే వ్రాశాడు. అదే అన్‌ఎరేజ్. దానిని మరికొన్ని చిన్న పనిముట్లతో కలిపి 1982లో నార్టన్ యుటిలిటీస్ అనే పేరుతో అమ్మసాగాడు. చిన్న చిన్న కరపత్రాలు అచ్చువేసుకుని, కంప్యూటర్ దుకాణాలకు, వాడుకదారుల సంఘాలకు తానే పోయి పంచేవాడు. తరువాతి కాలంలో చేతులు కట్టుకుని నిలుచున్న ఆయన చిత్రం పెట్టెలపైనా, పుస్తకాల అట్టలపైనా వెలసింది. 1990లో సిమాంటెక్ సంస్థ ఆ వ్యాపారాన్ని కొనుక్కున్నది. మైక్రోసాఫ్ట్ వారు అన్‌డిలీట్ అనే ఆజ్ఞను స్వయంగా చేర్చినది 1991లో, ఐదవ డాస్‌లో. అది కూడా మరొక సంస్థ వ్రాసినదాన్ని తెచ్చుకుని చేర్చినదే. ఇల్లు కట్టిన వాడు తొమ్మిదేళ్ళ తరువాత తలుపుకు గొళ్ళెం బిగించినట్లున్నది!

ఈ ఉపకరణాలలో నాకు మిక్కిలి నచ్చినది ఒకటున్నది. చెరిగిన ఫైళ్ళ జాబితాను తెరపై చూపేటప్పుడు ప్రతి పేరుకూ మొదటి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం ఉండేది. “దీని మొదటి అక్షరం ఏది?” అని యంత్రం మనలను అడిగేది. పేరులో మిగిలినదంతా దాని వద్ద ఉన్నది. పోయిన ఆ ఒక్క అక్షరాన్ని మాత్రం మనిషే చెప్పాలి.

అయితే అన్ని వేళలా ఇంత సులభం కాదు. రెండవ పట్టికలో వరుస చెరిగిపోయింది గనుక, మొదటి అర తెలిసినా రెండవది ఏదో ఊహించవలసిందే. అరలన్నీ ప్రక్కప్రక్కనే ఉంటే ఇబ్బంది లేదు. దినదినం కొంచెం కొంచెంగా పెరిగే ఫైలు మాత్రం డిస్కు అంతటా చెల్లాచెదురుగా పడి ఉంటుంది. దాని సంగతి నాకు అనుభవపూర్వకంగా తెలుసు.

1992వ సంవత్సరం అనుకుంటాను. నాకింకా పాతికేళ్ళు నిండలేదు. మా మదరసా కార్యాలయానికి ఒక దాత తన దుకాణంలో వాడిన పాత కంప్యూటర్ ఇచ్చారు. దాని హార్డ్ డిస్క్ 20 మెగాబైట్లు. చందాల రసీదుల వివరాలను డిబేస్ అనే ప్రోగ్రాములో ఎక్కించే పని నాకు అప్పగించారు. ఆరు వందలకు పైగా రసీదులు ఎక్కించాను. ఒక సాయంత్రం పాత ఫ్లాపీని ఖాళీ చేయదలచి, డెల్, చుక్కకు అటూ ఇటూ నక్షత్రం గుర్తులు టైపు చేశాను. అన్నీ చెరుపుమని దాని అర్థం. నిశ్చయమేనా అని అడిగింది. వై నొక్కాను. ఆ తరువాత గదా చూచినది, నేనున్నది ఫ్లాపీలో కాదు, హార్డ్ డిస్కులోని రసీదుల డైరెక్టరీలో!

అది నా సొంత సొమ్ము లెక్క అయితే వేరు. అనాథ పిల్లల భోజనానికి ప్రజలు ఇచ్చిన అమానత్ అది. ఎవరికీ చెప్పలేదు. తెల్లవారేలోగా తిరిగి ఎక్కించి ఉంచితే తెలియదులే అనుకున్నాను. ఇషా తరువాత గది తలుపు వేసుకుని, రసీదు పుస్తకాల నకళ్ళు ముందేసుకుని, మొదటి నుండి టైపు చేయసాగాను. రాత్రి రెండు గంటల వరకు నూట ఎనభై ఎక్కించాను.

మరునాడు ఉదయం నాజిమ్ సాహెబ్ గారితో నిజం చెప్పక తప్పలేదు. వారు కోపగించుకోలేదు, బజారులో కంప్యూటర్ శిక్షణ ఇచ్చే ఒక యువకుణ్ణి పిలిపించారు. అతడు ఒక ఫ్లాపీతో వచ్చాడు. నార్టన్ వారి అన్‌ఎరేజ్ అందులోనే ఉన్నది. “మౌల్వీ గారూ, చెరిపిన తరువాత ఇందులో ఏమైనా వ్రాశారా?” అన్నదే అతని మొదటి ప్రశ్న. రాత్రంతా పని చేశానని కొంత గర్వంగానే చెప్పాను. అతడు తల పట్టుకున్నాడు. “చెరిపినప్పుడు మీ లెక్కలకు ఏమీ కాలేదండీ. వాటిని పోగొట్టింది రాత్రి మీరు చేసిన పనే” అన్నాడు.

నేను టైపు చేసిన ప్రతి రసీదూ, ఖాళీ అని గుర్తు పెట్టిన అరలలోకి, అనగా పాత రసీదులు భద్రంగా ఉన్న అరలలోకే పోయి కూర్చున్నది. రెండు కిలోబైట్ల అర ఒక్కొక్కదానిలో ఇరవై రసీదులు పట్టేవి. అతడు మధ్యాహ్నం వరకు ఒక్కొక్క అరనూ తెరపై తెరిచి, చదివి, ఇది మనదే, ఇది కాదు అని ఏరుతూ వరుస పేర్చాడు. ముప్పై అరలకు పైగా ఉండవలసినవి పందొమ్మిది దొరికాయి. మిగిలిన వాటిలో నా రాత్రి శ్రమే ఉన్నది. వాటిని కాగితం రసీదుల నుండి మళ్ళీ ఎక్కించడానికి వారం పట్టింది. నకళ్ళు లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే నేటికీ గుండె జల్లుమంటుంది.

చిత్రమేమిటంటే, ఆ డిబేస్‌లోనూ ఇదే రీతి. ఒక రసీదును తొలగించమంటే దాని ముందు నక్షత్రం గుర్తు పెట్టి ఊరుకునేది. రీకాల్ అంటే తిరిగి వచ్చేది. ప్యాక్ అన్న తరువాతనే నిజంగా పోయేది. ప్రతిరోజూ ఈ ఆజ్ఞలు వాడుతూ కూడా, డిస్కు సైతం అలాగే చేస్తుందేమోనన్న ఆలోచన నాకు రాలేదు.

ఇప్పుడు సోదరి కార్డు వద్దకు వద్దాం. కెమెరా కార్డులలో చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వరుసగా పడతాయి గనుక, చెదరడం తక్కువ, దొరికే అవకాశం ఎక్కువ. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము రిజిస్టరును చూడనే చూడదు. ప్రతి అరనూ తడుముతూ, చిత్రం ఆరంభంలో ఉండే బైట్ల గుర్తును బట్టి పట్టుకుంటుంది. దొరికినవాటిని అదే కార్డుపై కాక, తప్పనిసరిగా వేరొక డిస్కుపై దాచాలి. నేను ఆ రాత్రి చేసిన పని మీరు చేయకండి. ఫోను లోపలి నిల్వకు గానీ, ఎస్.ఎస్.డి. అనే కొత్త రకం డిస్కులకు గానీ ఈ ఆశ పెట్టుకోవద్దు. వాటిలో ఖాళీ అయిన అరలను యంత్రమే తుడిచివేస్తుంది. నేటి ఫోన్లు సమాచారాన్ని గూఢలిపిలో దాచుకుంటాయి గూడా. అక్కడ గ్యాలరీలోని చెత్తబుట్టను మొదట వెదకండి. అందులో లేకపోతే, ముందే వేరొకచోట నకలు తీసి ఉంచినవారికే దక్కుతుంది.

దీనికి మరొక ముఖం కూడా ఉన్నది, దానిని మన ఇండ్లలో ఎవరూ పట్టించుకోరు. చెరిపినది మీకు దొరికితే పరాయివానికీ దొరుకుతుంది. పాత కంప్యూటర్‌ను, కార్డును ‘అన్నీ తీసేశాం’ అనుకుని పాత సామాన్ల వానికి అమ్మేస్తారు. ఆడపిల్లల చిత్రాలు, బ్యాంకు కాగితాలు అందులో అలాగే ఉంటాయి. ఆ రోజులలో హార్డ్ డిస్కును ఫార్మాట్ చేసినా డాస్ రిజిస్టరును, పట్టికను మాత్రమే ఖాళీ చేసేది. అరలు నిండుగానే ఉండేవి. అందుకే నార్టన్ తన అన్‌ఎరేజ్ ఉన్న పెట్టెలోనే వైప్‌ఫైల్, వైప్‌డిస్క్ అనే మరి రెండు పనిముట్లు కూడా పెట్టాడు. అవి అరలపై మరొకటి వ్రాసి నిజంగా తుడిచేవి. అమ్మదలచిన కార్డును నేడు శుభ్రపరిచేది కూడా అలాగే: అన్నీ చెరిపి, పనికిరాని పెద్ద ఫైళ్ళతో అంచు వరకు నింపి, మళ్ళీ చెరపండి. హార్డ్ డిస్కు అయితే పూర్తిగా తుడిచే ప్రోగ్రాములు ఉన్నవి. అవీ చేతకాకపోతే అమ్మకుండా ఇంటిలో ఉంచుకోండి.

సోదరి కార్డును ఆమె భర్త గత వారం స్వయంగా తెచ్చారు. మా విద్యార్థి ఒకడు మదరసా కంప్యూటర్‌లో ఫోటోరెక్ నడిపాడు. రెండు గంటలు పట్టింది. తరువాత తీసిన ఆ నాలుగింటి క్రింద పడినవి తప్ప నికాహ్ చిత్రాలు దాదాపు అన్నీ వచ్చాయి. తండ్రిగారున్నవి ఆరు. వాటిలో ఒకదానికి క్రింది సగం బూడిద రంగుగా మారిపోయింది. ముఖం పై సగంలో ఉన్నందున అది చెక్కుచెదరలేదు. ఆ ఆరింటినీ వేరొక పెన్‌డ్రైవ్‌పై ఎక్కించి, మరొక నకలు ఇంకొకచోట ఉంచమని చెప్పి పంపాను. పిల్లవానికి మిఠాయి కొనిపెట్టమని గూడా చెప్పాను.