గైడు ముఖం చాటేస్తే పిల్లోడి తెలివి తక్కువైనట్టా?

మన మాల, మాదిగ వాడల నుంచి పీహెచ్.డీ. దాకా వెళ్ళిన పిల్లలున్నారు. హైదరాబాదులోనో, విశాఖలోనో, తిరుపతిలోనో, ఢిల్లీలోనో హాస్టళ్ళలో ఉంటారు. పండక్కి ఇంటికొస్తే పెద్దోళ్ళు అడిగేది ఒకటే మాట: "ఏరా, ఇంకా అయిపోలేదా నీ చదువు?" పిల్లోడు నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు వెనక ఏముందో ఇంట్లో వాళ్ళకు తెలియదు. సంఘాల్లో తిరిగే మనకు కూడా సగమే తెలుసు.

పీహెచ్.డీ. అంటే పరీక్ష రాసి పాసయ్యే చదువు కాదు. ఇంతవరకూ ఎవరూ తేల్చని ఒక సంగతి పట్టుకుని ఐదారేళ్ళు తవ్వి, ఇదిగో నేను కనుక్కున్నది అని పుస్తకమంత రాసివ్వాలి. దారి చూపించడానికి ఒక ప్రొఫెసరు ఉంటాడు. ఆయన్నే గైడు అంటారు. ఫెలోషిప్పు కాగితం మీద ఆయన సంతకం ఉండాలి. సమాచారం కోసం ఊళ్ళు తిరగాలన్నా, చివరికి థీసిస్ డిపార్టుమెంటు గడప దాటాలన్నా ఆయన సంతకమే. ఇన్ని సంతకాలు ఒక్క మనిషి చేతిలో పెట్టి, ఆ మనిషి పని చెయ్యకపోతే అడిగేవాడు లేకుండా చేశారు. మన తాతలకు ఈ ఏర్పాటు కొత్త కాదు. పాలేరు జీతం లెక్క రాసేదీ ఆసామే, చదివి వినిపించేదీ ఆసామే.

చాప్టరు రాసిస్తే నాలుగు నెలలు బల్ల మీదే పడి ఉంటుంది. అడిగితే "చూస్తానయ్యా" అంటారు. చూసిన రోజున మొదటి పేజీలో ఇంగ్లీషు తప్పులకు సున్నాలు చుట్టి తిరిగిస్తారు. లోపల చెప్పిన విషయం మీద ఒక్క మాట ఉండదు. అదే పక్క కుర్రాణ్ణి కాఫీకి పిలిచి ఏ పుస్తకం చదవాలో, ఏ సెమినారుకి పేపరు పంపాలో చెప్తారు. ఇలా రెండేళ్ళు జరిగితే ఎంత గట్టి పిల్లకైనా లోపల పురుగు తొలవడం మొదలవుద్ది. నేను దీనికి పనికొస్తానా? వాళ్ళన్నట్టు రిజర్వేషన్ వల్లే ఇక్కడున్నానా? పొద్దున లేవబుద్ధి కాదు. లైబ్రరీ వైపు కాళ్ళు పోవు. నిన్న రాసిన వాక్యం చూసుకుని ల్యాప్‌టాప్ మూసేస్తాడు. బయటికి అది బద్ధకంలా కనపడుద్ది. "వీళ్ళకి సీరియస్‌నెస్ లేదండీ" అని డిపార్టుమెంటు తీర్పు చెప్పేస్తుంది. కాలవకి అడ్డుకట్ట వేసినోడే వచ్చి, పైరు ఎండబెట్టావేమని రైతుని తిట్టినట్టుంది.

ద్రోణాచార్యుడే నయం. బొటనవేలు కావాలని నోరు తెరిచి అడిగాడు. ఇప్పటి ద్రోణులు ఏమీ అడగరు. "వచ్చే వారం కనపడు" అంటారు.

చెడ్డ గైడు అందరికీ దొరుకుతాడు, దీనికి కులం రంగు ఎందుకు పులుముతారు అంటారు కొందరు. దొరుకుతాడు, నిజమే. కానీ అగ్రకుల విద్యార్థికి గైడు చెడితే బాబాయో, తండ్రి స్నేహితుడో ఇంకో ప్రొఫెసరుకి ఫోన్ చేస్తాడు. మనోడి తండ్రి ఎవరికి ఫోన్ చెయ్యాలి? మన కులాల నుంచి ప్రొఫెసర్లయిన వాళ్ళలోనూ పిల్లల కాగితాలు తిరగెయ్యని వాళ్ళున్నారు. వాళ్ళనీ అడగాల్సిందే.

హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీనే చూడండి. సేలం నుంచి ఫిజిక్స్‌లో పీహెచ్.డీ.కి వచ్చిన సెంథిల్ కుమార్‌ది పందులు మేపుకునే కుటుంబం. నెలలు గడిచినా అతనికి గైడుని ఇవ్వలేదు. 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. 2013 నవంబరులో పోయిన మాదారి వెంకటేశ్‌దీ గైడు గోడే. 2015 జూలై నుంచి రోహిత్ వేముల ఫెలోషిప్పు ఆగింది. 2016 జనవరి మొదట్లో అతన్నీ, ఇంకో నలుగురినీ హాస్టలు నుంచి గెంటేశారు, ఆ నెల 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు. ఆ తర్వాత ఊరూరా సభలు పెట్టాం. పెట్టాల్సిందే. కానీ గైడు లేక తిరుగుతున్న నెలల్లో ఆ పిల్లల గది తలుపు తట్టిన సంఘం ఎన్ని?

గెలిచిన వాళ్ళనీ చెప్పుకోవాలి. కేరళ కొట్టాయంలో దీపా పి. మోహనన్ అనే దళిత స్త్రీ నానో సైన్సులో పరిశోధన చేస్తూ ఏళ్ళ తరబడి కుల వివక్ష మీద ఫిర్యాదులు పెట్టింది. 2021 అక్టోబరు 29న మహాత్మా గాంధీ యూనివర్సిటీ ముందు నిరాహార దీక్షకు కూర్చుంది. 11 రోజులకు యూనివర్సిటీ దిగొచ్చి ఆ సెంటరు డైరెక్టరుని పదవి నుంచి తప్పించింది.

బాబాసాహెబ్ చదువు కూడా సాఫీగా సాగలేదు. 1917లో స్కాలర్‌షిప్పు గడువు అయిపోయి లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సొచ్చింది. ఓడలో వేసిన పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్ళీ వెళ్ళాడు. రూపాయి సమస్య మీద రాసిన థీసిస్‌ను 1923లో పరీక్షకులు మార్చి రాయమని వెనక్కిచ్చారు. మార్చి ఇచ్చి, అదే ఏడాది డిగ్రీ తీసుకున్నాడు. ఆ పుస్తకానికి ముందుమాట రాసిన ఆయన ప్రొఫెసరు ఎడ్విన్ కానన్ చాలా వాదనలతో తాను ఒప్పుకోనని అందులోనే చెప్పాడు. ఒప్పుకోలేదు, కానీ చదివాడు! మన పిల్లలకు పొగిడే గైడు అక్కర్లేదు. కూర్చుని చదివి, ఇక్కడ తప్పు, ఇది కాదు అని చెప్పే గైడు కావాలి.

అలాంటి గైడు దొరికేదాకా పిల్లలు ఏం చెయ్యాలి? గైడుతో మాట్లాడిన రోజు సాయంత్రమే "సార్, ఇవాళ మీరు చెప్పింది ఇది, నేను చెయ్యబోయేది ఇది" అని నాలుగు ముక్కలు మెయిల్ పెట్టండి. చాప్టరు ఇచ్చిన తేదీ రాసిపెట్టుకోండి. నోటి మాటకు సాక్ష్యం ఉండదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరూ పరిశోధన సలహా కమిటీ ముందు మీ పని చెప్పుకోవాలి. గైడు కాక వేరే టీచర్లూ కూర్చునే చోటు అదొక్కటే. అక్కడ బెదరకుండా, చాప్టరు ఇన్ని నెలలుగా చూడలేదని తేదీలతో చెప్పండి. గడువు ఆరేళ్ళు, అనుమతితో ఇంకో రెండేళ్ళు, ఆడపిల్లలకు ఆపైన మరో రెండేళ్ళు. నలుగురైదుగురు కలిసి వారానికోసారి ఒకరి చాప్టరు ఒకరు చదవండి. చరిత్ర పిల్లోడు రసాయనాల చాప్టరు చదివినా పరవాలేదు, చదివే మనిషి ఉన్నాడంటే రాయబుద్ధవుద్ది. నిద్ర పట్టక, బతుకు మీదే విసుగొస్తుంటే మాత్రం ఒంటరిగా ఉండొద్దు. స్నేహితుడికి చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇష్టం లేక వదిలేస్తే తప్పు లేదు, బతుకు కంటే డిగ్రీ పెద్దది కాదు. వాళ్ళు తోసేస్తే పోవడం వేరు.

ఇంటి వాళ్ళకు ఒక మాట. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000. వినడానికి పెద్ద డబ్బే. నెలల తరబడి ఆగి ఒకేసారి రావడమూ మామూలే, అది రాని వాళ్ళూ చాలామంది. చెల్లి పెళ్ళి బాకీ అంతా ఆ ఒక్కడి నెత్తినే పెట్టకండి. ఆడపిల్లనైతే పెళ్ళి మాటతో పొడవకండి.

ఇక మనం, సంఘాల వాళ్ళం. కరపత్రం రాయాలంటే వాడే, సభలో ఇంగ్లీషులో మాట్లాడాలంటే వాడే. రాత్రి పదింటికి ఫోన్ చేసి పొద్దున్నే జిల్లాకు రమ్మంటాం. వెళ్తాడు, కాదనడు. మూడేళ్ళకు థీసిస్ ఆగిపోతే "ఉద్యమానికి అంకితమయ్యాడు" అని దండ వేస్తాం. దండ వద్దు. రాసుకునే నెలల్లో వాణ్ణి పిలవకుండా ఉంటే చాలు.

మనం చెయ్యగల పని ఇంకోటుంది. ఏ యూనివర్సిటీలో ఎంతమంది ఎస్సీ, ఎస్టీ పరిశోధకులు చేరారు, ఎంతమందికి ఇంకా గైడు లేడు, ఎంతమంది మధ్యలో మానేశారు అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. హాస్టల్లో ఉన్న పిల్లోడు అడిగితే కక్ష కడతారు. అడగడానికి యూనివర్సిటీ మెట్లెక్కిన వాడే అయ్యుండక్కర్లేదు. కూలికెళ్ళే మనిషైనా, అంగన్‌వాడీ ఆయా అయినా సంతకం పెట్టి పంపొచ్చు. సెంట్రల్ యూనివర్సిటీకైతే దరఖాస్తు ఫీజు పది రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.