ఇరుగుపొరుగుకీ ఓ కోటా!

ఫ్లాటు నచ్చింది. ధర కుదిరింది. బ్యాంకు లోనూ సిద్ధం. ఇక అడ్వాన్సు ఇవ్వడమే తరువాయి అనుకుంటుండగా, 'ఈ బ్లాకులో మీ వాళ్ళ కోటా నిండిపోయింది' అంటే ఎలా ఉంటుంది? సింగపూర్‌లో ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లు కొనేవాళ్ళకి ఇది మామూలే. అక్కడి పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఉండేది ఆ ఫ్లాట్లలోనే మరి!

చైనా నుంచీ భారతదేశం నుంచీ తరతరాలుగా వలస వచ్చినవాళ్ళతో నిండిన దేశం అది. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో ఎవరి పేట వాళ్ళదే. 1964లో చైనీయులకీ మలయ్‌లకీ మధ్య చెలరేగిన అల్లర్లలో 36 మంది చనిపోయారు. ఆ తర్వాత పాత పేటలు పోయి ఆకాశహర్మ్యాలు వచ్చాయి. కానీ అమ్మకాలూ కొనుగోళ్ళూ మొదలయ్యేసరికి కథ మళ్ళీ మొదటికొచ్చింది. మలయ్‌లు బెడోక్, టాంపినిస్‌లకీ చైనీయులు హౌగాంగ్‌కీ చేరడం మొదలుపెట్టారు.

దాంతో 1989 మార్చిలో ప్రభుత్వం కోటా పెట్టింది. ఇప్పుడు ఒక్కో బ్లాకులో నూటికి చైనీయులు 87, మలయ్‌లు 25, భారతీయులూ ఇతరులూ కలిపి 15 ఇళ్ళకి మించకూడదు. తెలుగువాళ్ళైనా తమిళులైనా ఈ లెక్కలో భారతీయులే. కొత్తగా వచ్చి శాశ్వత నివాసం పొందినవారికీ 2010 నుంచి విడిగా పరిమితి ఉంది. మలేసియావాళ్ళకి మాత్రం మినహాయింపు.

ఫలితం కళ్ళముందే కనిపిస్తుంది. బ్లాకు కింద ఖాళీగా వదిలే జాగాలో ఓ రోజు మలయ్‌ల పెళ్ళి భోజనాలు, మరో రోజు చైనీయుల అంత్యక్రియలు. పిల్లలంతా ఒకే లిఫ్టులో కిందికొచ్చి ఆడుకుంటారు.

అయితే దీనికో ఖరీదుంది. చైనీయుల కోటా నిండిన బ్లాకులో భారతీయుడు తన ఫ్లాటుని చైనీయుడికి అమ్మలేడు. జనాభాలో నాలుగింట మూడొంతులు వాళ్ళే. కొనేవాళ్ళు కరవై, నెలల తరబడి ఎదురుచూసి చివరికి తక్కువ ధరకి ఇచ్చేయాల్సి వస్తోందన్నది మైనారిటీల గోడు. అదే బ్లాకులో చైనీయుడు మాత్రం తనవాళ్ళకి నిక్షేపంగా అమ్ముకోవచ్చు. ఈ బాధ పడలేనివారిలో అర్హులైన వారి ఫ్లాట్లను తానే తిరిగి కొనేందుకు 2022లో అక్కడి గృహనిర్మాణ సంస్థ ముందుకొచ్చింది. ఇలా కొనేందుకు ముందుకు రావడానికి 33 ఏళ్ళు పట్టిందన్నమాట.

అలాగని కోటా ఎత్తేస్తే, ఎవరి పేట వాళ్ళదేనన్న పాతరోజులు తిరిగొస్తాయన్న భయమూ అబద్ధం కాదు. కలిసి బతకడం అందరికీ లాభమే. కాబట్టి దానికయ్యే ఖర్చూ అందరిదీ కావాలి. పదిమందికీ మేలు చేసే ఏర్పాటుకి ఒకరిద్దరి జేబులే చిల్లుపడుతుంటే, పక్కపక్కన ఇళ్ళైతే ఉంటాయి కానీ మనసులు దగ్గరవ్వవు.